గడ్డ కోసిన రోజు

మా ఆయన ప్రభుదాస్ వీపు మీద గడ్డ కోసిన రోజున నేను ఆ గదిలోనే ఉన్నాను. లేకపోయినా బాగుండేది.

మూడేళ్ళ కిందటి మాట. అప్పటికే ఆయనకి షుగరు. మెడ కింద, రెండు రెక్కల మధ్య చిన్న కురుపు లేచింది. పసుపూ వేపాకూ నూరి నేనే కట్టు కట్టాను. "డాక్టరు దగ్గరికి పోదాం ప్రేమా" అని ఆయన రెండుసార్లు అన్నాడు, "ఇంతదానికి డాక్టరా" అని రెండుసార్లూ నేనే ఆపాను. నాకు నోరెక్కువ. మారేడ్‌పల్లిలో మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. ముప్పై రెండేళ్ళు మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పిన నోరు, రిటైరయ్యాక ఊరికే ఉంటుందా? ఐదో రోజుకి కురుపు నిమ్మకాయంత అయింది. జ్వరం వచ్చింది. అప్పుడు ఆటో ఎక్కించి దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్ళాను.

డాక్టరు కుర్రవాడు, తొందరలో ఉన్నాడు. ఆయన్ని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, సరిగ్గా గడ్డలోకే తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, కాసేపాగి కత్తి పెట్టాడు. ప్రభుదాస్ కేక పెట్టాడు. ఒకసారి కాలికి మేకు దిగబడితే తనే లాక్కుని ఆఫీసుకి పోయిన మనిషి ఆయన. డాక్టరు ఇంకో ఇంజెక్షన్ ఇచ్చాడు. మళ్ళీ కేక. మూడోది ఇచ్చాడు. అదీ పట్టలేదు. డాక్టరుకి విసుగొచ్చింది.

"అంకుల్, రోజుకెంత తాగుతరు?" అని అడిగాడు.

"తొమ్మిదేండ్లాయె సార్, ముట్టక" అన్నాడు ఆయన, బల్లకి మొహం ఆనించే.

డాక్టరు నవ్వి నా వైపు చూశాడు. "తాగేటోళ్లకే ఇట్ల పట్టదు మేడమ్. మానేసినమనే అందరూ అంటరు." పక్కనున్న నర్సు కూడా నవ్వింది. ప్రభుదాస్ తల కొంచెం తిప్పి నన్ను చూశాడు. కళ్ళ నిండా నీళ్ళు. నేను ఏదో ఒకటి అంటానని చూశాడు. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. ఆ తర్వాత ఇద్దరు మనుషులు ఆయన చేతులు పట్టుకుంటే, తిమ్మిరి లేకుండానే కోసేశారు.

ఇక్కడ వెనకటి సంగతి కొంచెం చెప్పాలి. మా పెళ్ళయిన తర్వాత చాలా ఏళ్ళు ఆయన తాగాడు. రైల్వే ఆఫీసులో గుమాస్తా, ఇంటికొచ్చేసరికి మనిషి మనిషిలా ఉండేవాడు కాదు. మాకు పిల్లలు లేరు. ఆయన తాగుడూ నా అరుపులూ, అదే మా సంసారం. తర్వాత ఒక ఈస్టరు రోజున చర్చిలో సంఘం అంతా కూర్చుని ఉండగా లేచి ముందుకెళ్ళి సాక్ష్యం చెప్పాడు. ఇక ముట్టనన్నాడు. నేను నమ్మలేదు గానీ ఆయన నిజంగానే ముట్టలేదు. ఏళ్ళు గడిచాక సంఘ పెద్దని చేశారు. నెలకోసారి ప్రభువు బల్ల అని రొట్టె, రసం పంచే ఆదివారం చిన్నచిన్న గిన్నెల్లో ద్రాక్షరసం పెట్టిన పళ్ళెం పట్టుకుని, తెల్ల చొక్కాలో వరస వెంట నడిచేవాడు. నా దగ్గరికొచ్చినప్పుడు చెయ్యి వణక్కుండా పళ్ళెం కిందికి దించేవాడు. ఆ చెయ్యి చూడడానికే నేను ఎప్పుడూ వరస చివర కూర్చునేదాన్ని.

అలాంటి తొమ్మిదేళ్ళని డాక్టరు ఒక్క మాటతో తుడిచేశాడు. లేదు, తుడిచేసింది నేను.

ఇంటికొచ్చిన మర్నాటి నుంచే వెతకడం మొదలుపెట్టాను. పరుపు కింద, బీరువా మీద, స్కూటరు డిక్కీలో, ఆఖరికి బాత్రూములో ఫ్లష్ ట్యాంకు మూత తీసి కూడా చూశాను. ఆయన బయటి నుంచి వస్తే ఏదో వంకతో దగ్గరికెళ్ళి వాసన చూసేదాన్ని. ఏమీ దొరకలేదు. దొరక్కపోతే ఏమనుకోవాలి? లేదనుకోవాలి. నేను మాత్రం ఎంత జాగ్రత్తగా దాస్తున్నాడో అనుకున్నాను. పరీక్షలో పిల్లలెవరైనా ఇలా రుజువు రాస్తే సున్నా వేసి, తల్లిదండ్రుల్ని పిలిపించేదాన్ని.

ఒకరోజు అన్నం తింటూ చెయ్యి ఆపి అన్నాడు.

"ప్రేమా, నేను తాగలే. ఒట్లు గిట్లు పెట్ట, ఉన్న ముచ్చట చెప్తున్న. నమ్ముతున్నవా?"

"డాక్టరు అబద్ధం ఎందుకు చెబుతాడండీ? ఆయనకేం లాభం?" అన్నాను.

ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాడు. పులుసు వేసిన అన్నం అలాగే ఉండిపోయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. మా సంఘంలో శుక్రవారం స్త్రీల కూడిక ఉంటుంది. అక్కడ ఒకరి గురించి చెడ్డగా చెబితే అది చాడీ. అదే మాటని ప్రార్థన మనవిగా చెబితే ఎవరూ తప్పు పట్టరు. నేను లేచి నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మా వారు మళ్ళీ పాత అలవాటులో పడ్డారని అనుమానంగా ఉంది, ఆయన కోసం ప్రార్థించండి" అన్నాను. పదకొండు మంది ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని, ఆయన పేరు పెట్టి ప్రార్థించారు. ఒకావిడ ఏడ్చింది కూడా. నాకు ఎంతో ఓదార్పుగా అనిపించింది. ఆదివారానికల్లా ఆ మాట పాస్టరు నోవహు గారిదాకా వెళ్ళింది. నోవహు గారు మంచివారే. మా ఆయన్ని పక్కకి పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి బ్రదర్" అన్నారట. ఆ నెల పళ్ళెం వేరొకరు పట్టుకున్నారు. వరస చివర నా పక్కన కూర్చున్న ప్రభుదాస్, పళ్ళెం దగ్గరికి రాగానే తల అడ్డంగా ఊపి, తీసుకోకుండానే ముందుకు పంపించాడు.

ఇంటికొచ్చాక నన్ను ఒక్క మాట అనలేదు. అరిస్తే నేనూ అరిచేదాన్ని, ఏదో ఒకటి తేలిపోయేది. అరవలేదు. పొద్దున్నే లేచి నేనిచ్చిన టీ తాగుతూ నా మొహంకేసి చూసేవాడు. ఏంటి చూస్తున్నారని కసిరితే చూపు దించుకునేవాడు. నాలుగు నెలలు అలా గడిచాయి.

ఐదో నెలలో ఒక మధ్యాహ్నం తాగి వచ్చాడు. దాచుకోలేదు, వాకిట్లో చెప్పులు విడుస్తూ తూలాడు. "చూశారా, నేను అప్పుడే చెప్పలేదా?" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు కొంచెం తృప్తి కూడా కలిగింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అయినా కలిగింది, నిజం.

తర్వాత ఏడాది ఎలా గడిచిందో చెప్పను. చివరికి అల్వాల్‌లో ఉండే ఆయన చెల్లెలు ప్రిసిల్లా వచ్చి, "అన్నను నేను చూసుకుంట వదినా" అని రెండు సంచులతో తీసుకెళ్ళిపోయింది. నేను ఆపలేదు. గేటు వేసుకుని లోపలికొచ్చి అంట్లు తోముకున్నాను. ఆర్నెల్ల కిందట ప్రిసిల్లా ఫోన్ చేసి, లివరు పాడైంది, పొట్టలో నీళ్ళు పడుతున్నాయి అని చెప్పినప్పుడు, "ప్రార్థన చేస్తాను" అని పెట్టేశాను. రాతిగుండె అని ఆవిడ అనుకుని ఉంటుంది. తప్పు లేదు.

ఇక నవత సంగతి. ఆ అమ్మాయి మా మేడ మీది గదిలో అద్దెకుంటోంది. సిద్దిపేట దగ్గరి పిల్ల, ఫార్మసీ రెండో సంవత్సరం. చలాకీది గానీ లాగరిథమ్ అంటే హడలు. మొన్న మార్చిలో ఒక ఆదివారం సాయంత్రం నోటుపుస్తకం పట్టుకుని కిందికి దిగింది.

"ఆంటీ, జెర ఈ లెక్క చూస్తరా? పొద్దుగాల సంది కొట్లాడుతున్న దీంతోని, వస్తలేదు."

"చూస్తాను గానీ, చెప్పేటప్పుడు ఆవలిస్తే చెవి మెలిపెడతాను" అన్నాను.

అదొక మందు గురించిన లెక్క. లిగ్నోకైన్ అట. అది బలహీనమైన క్షారం, దాని పీకేఏ అనే అంకె ఏడు పాయింట్ తొమ్మిది అని ఇచ్చారు. పీహెచ్ ఏడు పాయింట్ నాలుగు ఉన్న చోట అందులో ఎంత భాగం ఛార్జి లేకుండా ఉంటుంది, ఆరు పాయింట్ నాలుగు ఉన్న చోట ఎంత ఉంటుంది, కనుక్కోమన్నారు. సూత్రం పుస్తకంలో ఉంది. నాకు రసాయనశాస్త్రం రాదు, అంకెలకి ఆ పట్టింపు లేదు. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి, యాంటీలాగ్ చూసి, భాగించి చూపించాను. మొదటిదానికి వందలో ఇరవై నాలుగు పాళ్ళు వచ్చింది. రెండోదానికి వందలో మూడే. పెన్సిలుతో రెండింటి కిందా గీతలు గీశాను.

"ఒక్క పాయింటు తేడాకి ఇంత పడిపోయిందేంటే? ఇంతకీ ఏం మందిది?" అని అడిగాను.

"తిమ్మిరి ఇంజెక్షన్ ఆంటీ. పన్ను పీకేటప్పుడు, కుట్లేసేటప్పుడు ఇస్తరు చూడు, అదే." నవత పేజీ మూల బొమ్మ గీసింది. "గీ పక్కకు ఉంగరం లెక్క ఉన్నది కొవ్వుల కలుస్తది. గా పక్కకున్నది నైట్రోజన్. మన నరం చుట్టూత కొవ్వు పొర ఉంటది. ఛార్జి లేకుంటెనే మందు ఆ పొర దాటి లోపలికి పోతది, పోతెనే తిమ్మిరి ఎక్కుతది. పీహెచ్ తగ్గి ఆమ్లం ఎక్కువ ఉన్న కాడ గా నైట్రోజన్ ఒక ప్రోటాన్‌ను పట్టుకుంటది, ఛార్జి వస్తది. ఇగ పొర దాటలేదు, బయటనే నిలబడ్తది."

"మామూలు ఒంట్లో పీహెచ్ ఎంత?"

"ఏడు పాయింట్ నాలుగు."

"మరి ఈ ఆరు పాయింట్ నాలుగు ఎక్కడుంటుంది?"

"చీము పట్టిన కాడ ఆంటీ. గడ్డలు లేస్తయి చూడు, ఆడ ఆమ్లం జమైతది. అందుకే గడ్డల సూది పొడిస్తే సరిగ్గ పట్టదు. జెర దూరంకెల్లి, చుట్టూత ఇయ్యాలె అని మా సార్ చెప్పిండు."

నా చేతిలో పెన్సిలు ఉంది. కింద పెట్టడం తెలియలేదు.

"తాగేవాళ్ళకి పట్టదంటారు కదే?" అన్నాను.

"అంటరు ఆంటీ. అది వేరే ముచ్చట. గడ్డల పట్టకపోనీకె తాగుడే అక్కర్లేదు. చుక్క ముట్టనోళ్లకు సుత పట్టదు. ఏమైంది ఆంటీ, మొకం అట్లయింది?"

అప్పుడు చెప్పాను. డాక్టరు, మూడు ఇంజెక్షన్లు, నవ్వు, అన్నీ చెప్పాను. ఆ పిల్ల నోటుపుస్తకం దగ్గరికి లాక్కుని ఆ రెండు అంకెలూ మళ్ళీ చూసింది. చదువుకునే పిల్ల కదా, తర్వాత నెమ్మదిగా అంది. "ఆంటీ, ఒక్కటి. అంకుల్ ఆ రోజు తాగలేదని ఈ లెక్క చెప్పదు. తాగిండనేటందుకు ఆ ఇంజెక్షన్ సాక్ష్యం గాదని చెప్తది, అంతే. మిగిలింది అంకులే చెప్పాలె."

ఆయన చెప్పాడు. అన్నం ముందు కూర్చుని, నమ్ముతున్నవా అని అడిగి మరీ చెప్పాడు.

ముందు నాకు ఆ డాక్టరు మీద ఒళ్ళు మండింది. మర్నాడు గొడుగు పట్టుకుని ఆ నర్సింగ్ హోమ్‌కి వెళ్ళాను. అక్కడ ఇప్పుడు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. డాక్టరు ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. గుమ్మంలో నిలబడ్డాక తట్టింది, ఆ కుర్రవాడు ఆ మాట అని అరగంటలో మర్చిపోయి ఉంటాడు. దాన్ని మూడేళ్ళు మోసి, నలుగురికీ పంచింది నేనే. తల కొట్టేసినట్టయింది. అటు నుంచి అటే బస్సెక్కాను. కార్ఖానా, తిరుమలగిరి, లోతుకుంట దాటి అల్వాల్ వెళ్ళేదాకా నోటుపుస్తకంలోంచి చింపించుకొచ్చిన ఆ కాగితాన్ని మడిచి పట్టుకునే ఉన్నాను.

తలుపు తీసిన ప్రిసిల్లా, "ఇయ్యాల ఎట్ల గుర్తొచ్చినం వదినా?" అంది. నేను చెప్పులు విడిచాను. ఆవిడే పక్కకి జరిగి దారిచ్చింది.

ప్రభుదాస్ కిటికీ పక్కన మంచం మీద ఉన్నాడు. కళ్ళు పచ్చగా ఉన్నాయి. చేతులు పుల్లల్లా అయిపోయాయి, పొట్ట మాత్రం ఎత్తుగా ఉంది. నన్ను చూసి లేవబోయాడు. "పడుకోండి" అని కసిరాను, అలవాటు కొద్దీ.

కుర్చీ లాక్కుని, మేడ మీది నవత తెచ్చిన లెక్క అని చెప్పి కాగితం తీశాను. క్లాసులో చెప్పినట్టే చెప్పాను, ఇంకెలా చెప్పాలో తెలియక. నైట్రోజన్, ప్రోటాన్, కొవ్వు పొర, ఇరవై నాలుగు, మూడు. ఆయన శ్రద్ధగా విన్నాడు. నలభై ఏళ్ళు ఫైళ్ళు చూసిన మనిషి, మధ్యలో ఒక ప్రశ్న కూడా అడిగాడు.

"అంటే నా గడ్డనే సూదిమందును లోపలికి పోనియ్యలేదన్నట్టు?"

"అవునండీ."

"నేను తాగలేదని గిట్ట రాసున్నదా గండ్ల?"

"లేదు. ఆ సంగతి కాగితం చెప్పదు."

"మరి నువ్వేమంటవ్?"

"మీరు తాగలేదు" అన్నాను. ఆ తర్వాత ఏడుపు ఆగలేదు. జీవితంలో ఎవరి ముందూ అలా ఏడవలేదు. ఆయన చెయ్యి పట్టుకుని, క్షమించమని అడిగాను. శుక్రవారం కూడికలో నేను చేసిన పనికి క్షమించమన్నాను. ఈ మంచానికి నేనే కారణం అన్నాను.

"అట్లనకు" అన్నాడు. "అయిదో నెల తాగింది నేను. అది నీ నెత్తిన ఏసుకోకు. ఆగొచ్చు, ఆగలే. నాలుగు నెలలు మాత్రం ఆగిన ప్రేమా. పొద్దుగాల చాయ్ ఇచ్చేటప్పుడు నీ మొకం చూసేటోణ్ణి. ఇయ్యాల అంటదేమో, నమ్ముతున్న అని అంటదేమో అని చూసేటోణ్ణి."

నేను కసిరిన పొద్దుటిపూటలన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి.

కొంచెం మంచినీళ్ళు అడిగి తాగాడు. ఊపిరి అందాక అన్నాడు. "ఒకటి అడుగుత. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆ పిల్ల లెక్క తేకముందు, గీ మూడేండ్లల్ల, ఒక్క దినమన్న నీకు అనిపించిందా, ఈయన నిజంగ తాగలేదేమో అని?"

వెతుక్కున్నాను. టీ ఇచ్చిన పొద్దుటిపూటల్లో, ఫ్లష్ ట్యాంకు మూత తీసినప్పుడు, పళ్ళెం పక్కకి పంపిన ఆదివారం, ఆయన సంచులు ఆటోలో పెడుతున్నప్పుడు, అన్నిట్లోనూ వెతుక్కున్నాను. ఒక్క రోజు, ఒక్క పూట అనిపించి ఉంటే చాలు. ఎంత వెతికినా దొరకలేదు.

"లేదండీ" అన్నాను.

ఆయన తలూపాడు. కోపం లేదు. "సరే" అని కళ్ళు మూసుకున్నాడు. వంటింట్లో ప్రిసిల్లా కుక్కరు కూత పెట్టింది.

ఆ రోజు నుంచి నేను అక్కడే ఉండిపోయాను. జావ తాగించాను, పక్కబట్టలు మార్చాను, కాళ్ళు పట్టాను. శుక్రవారం ఒక్క పూట మారేడ్‌పల్లి వెళ్ళి, కూడికలో లేచి, మా వారు ఆ రోజు తాగలేదు, నేను తప్పు చెప్పాను అని అన్నాను. ఆయన లివరు సంగతి అందరికీ తెలుసు. వాళ్ళు జాలిగా చూసి, నన్ను కూర్చోబెట్టి, కళ్ళు మూసుకున్నారు.

"ఏమన్నరు?" అని అడిగాడు నేను తిరిగి వెళ్ళాక.

"నాకు మనశ్శాంతి కలగాలని ప్రార్థించారు."

ప్రభుదాస్ నవ్వాడు. నవ్వితే పొట్ట నొప్పెట్టి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ నవ్వు చూసి నేనూ నవ్వాను. అంత హాయిగా మేమిద్దరం కలిసి నవ్వి ఎన్నేళ్ళయిందో.

పదకొండు రోజులు ఉన్నాడు. చాలా మాట్లాడాడు. మా మొదటి క్వార్టర్స్ గురించి, మా నాన్న గురించి, తెనాలి నుంచి వచ్చిన కొత్తలో ఇక్కడివాళ్ళ మాటలు అర్థంకాక కూరగాయల బండివాడితో నేను పెట్టుకున్న గొడవ గురించి. నవత పరీక్షలు ఎలా రాసిందని రోజూ అడిగేవాడు. ఒక్క దినమన్న అనిపించిందా అన్న ప్రశ్న మాత్రం మళ్ళీ అడగలేదు. అడుగుతాడేమోనని నేను మంచం దగ్గరే కూర్చునేదాన్ని. ఏదో అడగబోయినట్టు నా వైపు తిరిగిన ప్రతిసారీ దగ్గరికి వంగేదాన్ని. నీళ్ళు కావాలనేవాడు, దిండు సర్దమనేవాడు. పన్నెండో రోజు పొద్దున్నే పోయాడు. ఇంకొక్కసారి అడిగి ఉంటే, అనిపించిందండీ, చాలాసార్లు అనిపించింది అని అబద్ధం చెప్పేదాన్ని.